మిడత యోగ్యతా నివేదిక

పోటీకి ముందు జరగవలసిన పనులు అయిదు. అధ్యక్షులవారికి చేతుల కుర్చీ తేవాలి. దానిమీద తువ్వాలు పరవాలి. మూల్యాంకన సంఘానికి రబ్బరు ముద్ర చేయించాలి. ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాలి. మిడత యుద్ధానికి పనికొస్తుందో లేదో తేల్చాలి. మొదటి నాలుగూ రెండు వారాల్లో నిర్విఘ్నంగా పూర్తయ్యాయి.

మిడత అంటే పురుగు కాదు. 2004లో కిషన్‌బాగ్‌లోని బాబురావు ఇంటర్నెట్ సెంటర్లో అందరూ ఆడిన మరమనుషుల యుద్ధం ఆటలో, కొత్తగా చేరినవాడికి ఇచ్చే మొదటి యంత్రం. అన్నిటికంటే చవక, అన్నిటికంటే వేగం. రేకు మాత్రం పలచన. వందల గంటలు ఆడితే గజరాజు అనే పెద్ద యంత్రం దొరుకుతుంది. బస్సు డిపో మెకానిక్ ఇశ్రాయేలుకు వారానికి ఒక గంటే తీరిక కాబట్టి అతనికున్నది మిడతే. దాన్ని తీసేస్తే అతను పోటీలో దిగడానికే లేదు.

అధ్యక్షులు జగన్నాథరావుగారు రిటైరైన సూపరింటెండెంటు. ముప్పై ఏళ్లపాటు అందరికంటే తక్కువ రేటు రాసినవాడికే టెండరు ఇప్పించిన మనిషి. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి కనుక నన్ను కార్యదర్శిని చేశారు.

"చవకది చవకబారుగానే ఉంటుందయ్యా," అన్నారాయన. "అయినా పరీక్షించకుండా తోసేశామన్న మాట రాకూడదు. ముందు పరీక్షిద్దాం, తరవాత తోసేద్దాం."

పరీక్షలో ఆయన గజరాజు పక్కకు తిరిగేలోపు ఇశ్రాయేలు మిడత దాని చుట్టూ మూడుసార్లు తిరిగి వీపుమీద కాల్చింది. నాలుగో నిమిషంలో గజరాజు కూలింది.

"వెనకనించి కొట్టడమేమిటయ్యా? పెద్దా చిన్నా లేదా?"

"మీ దానికి ముందట ఫిరంగులున్నయ్ గద సార్," అన్నాడు ఇశ్రాయేలు. "ముందటికొస్తే నాకు శాలువ కప్పుతరా ఏంది?"

బాబురావు నవ్వబోయి దగ్గాడు.

నివేదిక నేనే రాశాను: "సదరు యంత్రం వేగం సంతృప్తికరమైన స్థాయిని మించినందున అసంతృప్తికరం. ఎదుట నిలబడి దెబ్బలు స్వీకరించే సంస్కారం కొరవడినది. గెలుపు ఒక్కటే యోగ్యతకు ప్రమాణం కాజాలదు. తిరస్కరించడమైనది." ముద్ర చక్కగా పడింది.

ఇశ్రాయేలు కాగితం రెండుసార్లు చదివాడు. "అన్నా, నువ్వు సదువుకున్నోనివి. ఓడింది నేనా, సారా?"

"వారే."

"మరి గిట్ల రాసినవేంది?"

"అది సంఘం అభిప్రాయం."

"సరే తియ్, లొల్లెందుకు. ఆదివారం వచ్చి చూస్త. చూసెటందుకు గూడ ముద్ర కావాల్నా?"

శుక్రవారం జగన్నాథరావుగారు కొత్త యంత్రాన్ని తనిఖీకి పెట్టారు. పేరు రాజహంస. ఒళ్లంతా బంగారు రంగు.

"సార్, ఇది మిడతలా ఉంది," అన్నాను.

"ఉంటే? రంగు చూడు. పేరు చూడు. నడిపేది ఎవరో చూడు."

మూడూ చూశాను. మూడోది కొంచెం ఎక్కువసేపు చూశాను. యోగ్యతా పత్రం సిద్ధమైంది: "వేగం ప్రశంసనీయం. శత్రువు వెనకకు చేరుటలో వ్యూహచతురత కనిపించుచున్నది."

ఆదివారం రాజహంస గజరాజులను వరుసగా కూల్చి ఫైనల్‌కు వచ్చింది. అక్కడ ప్రత్యర్థి దాన్ని గోడవారకు నెట్టాడు. జగన్నాథరావుగారు తెరమీంచి కళ్లు తిప్పకుండా అరిచారు: "ఇశ్రాయేలూ, ఇప్పుడెటయ్యా? నిన్న నేర్పిన మలుపు ఇదేనా?"

సెంటరంతా ఆయనవైపు తిరిగింది. ఆ తరవాత ఇశ్రాయేలువైపు తిరిగింది. అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నోరు మూసుకుంటే చాలు, అధ్యక్షులవారు అందరిముందూ ఓడిపోతారు.

"ఎడమకు సార్," అన్నాడు ఇశ్రాయేలు. "జర ఆగి... ఆఁ, ఇగ ఉరుకుండ్రి."

జగన్నాథరావుగారు గెలిచారు. చురుకుదనం తమ వంశంలోనే ఉందని ప్రసంగించారు. వచ్చే ఏడాది మిడత విషయం పునఃపరిశీలిస్తామని ఇశ్రాయేలుకు మాట ఇచ్చారు. వచ్చే ఏడాది పోటీ జరగలేదు.

సెంటరు గోడమీది బోర్డులో విజేతగా ఆయన పేరుంది, కార్యదర్శిగా నా పేరుంది. నేర్పినవాడి పేరు రాయడానికి నిబంధన లేదని అప్పుడు చెప్పినవాణ్ణి నేనే. కాబట్టి పాఠకులకు ఒక్క మనవి: మా ఇద్దరినీ మరిచిపోయినా ఫరవాలేదు, బస్సు డిపో మెకానిక్ ఇశ్రాయేలును గుర్తుపెట్టుకోండి.