ముప్పై కిలోల సాహిత్యాభిమానం

"భూగోళంలో ఏ మూలనైనా సరే, కావలి బిడ్డ ఇంగ్లీషు పుస్తకం లేక అల్లాడితే, ఆ బాధ్యత యావత్తూ కావలి పట్టణానిదే!" అని మా ఆంగ్ల గ్రంథ ప్రియుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించింది నేను. బలపరిచింది కార్యదర్శి జకరయ్య మాస్టారు. మిగతా తొమ్మిదిమంది సభ్యులు వడలు వచ్చేదాకా ఆగి చేతులెత్తారు.

నేనెవరినంటారా? దరియావలిని. ట్రంకురోడ్డులో ఎరువుల కొట్టు. సంఘానికి ఏడేళ్ళుగా అధ్యక్షుణ్ణి. కొట్టు మేడమీద సంఘం బీరువా ఉంది. అందులో నలభై ఇంగ్లీషు నవలలు. ఒక్కదాని అట్టయినా నలగలేదు! చదివేవాళ్ళ చేతికిస్తే నలుగుతాయి కదా, అందుకని ఎవరికీ ఇవ్వం. మేమూ ముట్టుకోం. పుస్తకాన్ని ఇంతకంటే గౌరవించిన సంఘం కోస్తాలో ఎక్కడన్నా ఉంటే చూపించండి.

ఈ తీర్మానానికి కారణం మా లాల్‌బీ అక్క కూతురు సుమయ్య. ఎమ్మే ఇంగ్లీషు చదివింది. నిరుడు పెళ్ళయి మొగుడితో మస్కట్ వెళ్ళింది. ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"మామా, ఈడ ఒక్క ఇంగ్లీషు నవల కొనాలంటే వారం కూరగాయలు మానుకోవాల. ఆయన డ్యూటీకి పోతే పొద్దుగూకులూ గోడలు చూస్తా కూర్చోనుండా. మూడు నెల్లకి ఈడ బళ్ళో ఇంగ్లీషు టీచరు పోస్టుకి ఇంటర్వ్యూ ఉండాది. నోట్లో ఇంగ్లీషు తుప్పుపడతా ఉండాది మామా! నిన్న సబ్బుపొడి డబ్బా మీద రాసిందంతా రెండుసార్లు చదివినా. కావల్లో పాతవి చవగ్గా దొరుకుతాయి గదా. అన్వరన్న సెలవైపోయి వస్తన్నాడంట. ఓ పది పంపించు, చాలు."

"పాతవి నీకెందుకమ్మా! సంఘం బీరువాలోవే పంపిస్తా!" అన్నాను. ఆవేశంలో మనిషి ఎన్నో అంటాడు.

సభ పెట్టాం. పది నవలలు బల్ల మీద పేర్చాం. రిటైరైన ఇంగ్లీషు మాస్టారు కదా, జకరయ్య నలభై నిమిషాలు మాట్లాడి, చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు. విలేకరి ఫోటో తీశాడు. మర్నాడు పేపర్లో "మస్కట్ ఆడబిడ్డకు కావలి అక్షర సారె!" అని వేశారు. దాన్ని నేను బంధువుల గ్రూపులో మూడుసార్లు పెట్టాను, మొదటి రెండుసార్లూ ఎవరూ చూడలేదేమోనని.

ఆ సాయంత్రం లాల్‌బీ అక్క ఇంట్లో పెట్టె సర్దుడు. అన్వర్ మస్కట్‌లో వ్యాను డ్రైవరు, మా వీధివాడే. గల్ఫ్‌కి పోయేవాడి పెట్టె వాడిది కాదు, వీధిది. విమానంవాళ్ళు ముప్పై కిలోలు ఒప్పుకుంటే ఇరవై ఎనిమిది వీధివాళ్ళవి. అన్వర్‌వి రెండు ప్యాంట్లు, రెండు చొక్కాలు.

ముందుగా పది పుస్తకాలూ భక్తిగా అడుగున పెట్టాం. స్ప్రింగు కాటాకి పెట్టె తగిలించాం. అప్పుడు అక్క నాలుగు కిలోల చేపల పచ్చడి తెచ్చింది.

"ఇది లేకుండా నా బిడ్డకి ముద్ద దిగతదా?" అంది. నాలుగు పుస్తకాలు బయటికొచ్చాయి.

తర్వాత మొలగొలుకుల బియ్యం వచ్చాయి. మూడు పుస్తకాలు లేచాయి.

ఇంతలో జకరయ్య మాస్టారు మస్కట్‌లో ఉన్న తన బావమరిది బెన్హర్‌కని ఎండు రొయ్యల పొట్లం తీశాడు. "పుస్తకం ఎప్పుడైనా చదువుకోవచ్చు దరియావలీ, రొయ్యలకి సీజనుంటది గదా!" అన్నాడు. ముందురోజు సభలో ఏడ్చిన కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. ఇంకో రెండు పుస్తకాలు పోయాయి. ఒక్కటి మిగిలింది.

నాకు ఒళ్ళు మండిపోయింది! "ఈ ఒక్కటన్నా పోవాల్సిందే! సంఘం పరువు!" అని గర్జించాను. అందరూ తలలూపారు. అప్పుడు గుర్తొచ్చింది, మా వాడికి వీసా చూస్తానన్న పెద్దమనిషి ఒకాయన మస్కట్‌లోనే ఉన్నాడని. ఆయనకని తెప్పించిన రెండు కిలోల మలైకాజా నా స్కూటరు మీదే ఉంది.

కాజా పెడితే ముల్లు కొంచెం దాటింది. కొంచెమే! జకరయ్య ఆ పుస్తకం అట్టలు చించాడు. "అట్టల్లో సాహిత్యం ఉండదు." ముల్లు దిగలేదు. పీఠిక చించాడు. "పీఠిక ఎవరు చదువుతారు?" దిగలేదు. చివరి అధ్యాయం చించి, "ముగింపు ఊహించుకుంటేనే బుద్ధి పెరుగుతుంది" అన్నాడు. అయినా దిగలేదు.

"పోనీ నా ప్యాంటొకటి తీసేస్తా అన్నా," అన్నాడు అన్వర్.

"వద్దురా! ఎడారి దేశంలో నీకు కష్టం," అని నేనే గుండె రాయి చేసుకుని పుస్తకం తీసేశాను. సంఘం అధ్యక్షుడికి తప్పని త్యాగం అది.

నాలుగు రోజులకి సుమయ్య ఫోన్ చేసింది. "పార్సెలు అందింది మామా. పచ్చడి బాగుండాది," అని పెట్టేసింది. పుస్తకాల ఊసే ఎత్తలేదు! ఈ కాలం పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఏడాది తిరక్కుండా అన్వర్ మళ్ళీ సెలవు మీద వచ్చాడు. సుమయ్య మా అందరికీ ఒక పెట్టె నిండా పంపిందన్నాడు. ఎత్తబోతే నడుం పట్టేసింది! అక్క మెత్తటి దుప్పటి కోసం, జకరయ్య సెంటు కోసం, నేను సెల్‌ఫోన్ కోసం చుట్టూ కూర్చున్నాం. తెరిచాం.

పుస్తకాలు! అడుగుదాకా ఇంగ్లీషు పుస్తకాలు! పైన ఒక ఉత్తరం. జకరయ్య పైకి చదివాడు.

"మామకు, అమ్మకు, మాస్టారికి సలాం. మేమున్న బిల్డింగులో సొంత దేశాలకి వెళ్ళిపోయేవాళ్ళు చదివేసిన ఇంగ్లీషు పుస్తకాలు మెట్ల కింద వదిలేసి పోతారు. పైసా లేదు. పైవాటాలోని ఫిలిప్పీన్స్ నర్సు చూపించింది. అవి చదివే ఇంటర్వ్యూకి పోయినా. టీచరు ఉద్యోగం వచ్చింది. పేపర్లో మీ ఫోటో చూసినా. పుస్తకాలంటే మీకంత ప్రాణమని అప్పుడే తెలిసింది. దుప్పట్లు, సెంటు, మామకి ఫోను కూడా కొన్నా. బరువెక్కువైంది. మీ మనసు తెలుసు కాబట్టి అవే తీసేసినా."

"చదువుకున్న పిల్ల చేసే పనేనా ఇది!" అని అరిచాను. "ముప్పై కిలోల్లో ఒక్క సెంటు సీసాకి చోటు లేకపోయిందా! ఆ సామానంతా ఏమైందిరా?"

"ఎవురికన్నా ఇచ్చేద్దామని తీసిపెట్టింది. అడిగితే నాకే ఇచ్చింది అన్నా. ఫోనూ, సెంటూ నా చేతిసంచిలో ఏసుకోనొచ్చినా," అన్నాడు అన్వర్.

మర్నాడు పొద్దున్నే అధ్యక్ష, కార్యదర్శులం ఇద్దరం పుస్తకాల పెట్టె స్కూటరు మీద పెట్టుకుని వాడి ఇంటికెళ్ళాం. ఈ పుస్తకాలన్నీ నువ్వే ఉంచుకో, బదులుగా ఆ ఫోనూ, సెంటూ ఇప్పించమని మర్యాదగా అడిగాం.

అన్వర్ నొచ్చుకున్నాడు. "నేను ఐదోతరగతి తప్పినోణ్ణి. ఇంగ్లీషు పుస్తకాలు నేనేం చేసుకునేదన్నా? మీరు చదివినోళ్ళు. ఈడ కూర్చోని ఒక పేజీ చదివి, అందులో ఏముందో నాకు చెప్పండి. ఫోను ఇప్పుడే ఇచ్చేస్తా," అన్నాడు.

పుస్తకం తెరిచి నా చేతికిచ్చాడు. నేను దాన్ని జకరయ్య మాస్టారి చేతికిచ్చాను. ఆయన జేబులన్నీ తడుముకుని, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది.