ప్లమ్ వీధిలో తొలి టొమాటో

సూర్యభగవానుడు నడినెత్తిన పీట వేసుకుని కూర్చుని, ఒహాయో రాష్ట్రపు పెరళ్లన్నిటినీ పెనం మీద అట్టుల్లా కాలుస్తున్న జూలై మాసంలో, ఈరీ సరస్సుకు దక్షిణ తీరాన, గడ్డి కోసే యంత్రాల రణఘోషతో దిక్కులు పిక్కటిల్లే ప్లమ్ వీధిలో, ఒక టొమాటో కోసం జరిగిన ఘోరాతిఘోర సంగ్రామం చెబుతాను, చెవులు ఇటు పారేయండి. ఓ నీళ్ల గొట్టమా, మెలిపడకు! ఓ ఉడుతల్లారా, కాసేపు కంచె మీదే ఉండండి!

ఆ వీధిలో డెల్మర్ స్టుట్స్ అనే మహావీరుడు ఉండేవాడు. సిటీ బస్సుల ఇంజన్లు బాగుచేసి బాగుచేసి రిటైరైన బాహుబలశాలి, ప్రచండ పారధారి, మోకాటిమట్టివిభూషితుడు. ఆయన టోపీ పెట్టుకుని పెరట్లోకి దిగితే వానపాములు లేచి పక్కకు జరిగి దారి ఇచ్చేవి. అబద్ధమనుకుంటే వెళ్లి వానపాముల్నే అడగండి.

ఇంతటి వీరుడి గుండెలోనూ ఒక ముల్లు ఉంది. దాని పేరు వెర్నా కుబియాక్. పక్కింటావిడ. పొట్టి మనిషి, పెద్ద టొమాటోలు.

ప్లమ్ వీధి ధర్మం ఇలా ఉంటుంది. ఎవరి తొలి టొమాటో మొక్క మీదే ఎర్రబడుతుందో వాళ్లు దాన్ని కోసి, తెల్ల బ్రెడ్డుకు మయొనీజ్ పూసి, దాని మీద ముక్క పరిచి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి, పళ్లెంలో పెట్టుకుని ఓడినవాళ్ల వరండాకు మోసుకెళ్లాలి. ఓడినవాళ్లు అక్కడే, అందరూ చూస్తుండగా, తిని "బాగుంది" అనాలి. చెర్రీ టొమాటోలు లెక్కలోకి రావు. ముక్క బ్రెడ్డును కప్పాలి. పచ్చిది కోసి కిటికీలో మాగబెట్టడం మహాపాతకం.

ఏటా పళ్లెం వెర్నా చేతిలోనే ఉండేది.

"తిను డెల్మర్, తిను. నీవి ఇంకా పచ్చకప్పల్లాగే ఉన్నాయిగా పాపం," అనేది.

వీరుడు తినేవాడు. "బాగుంది" అనేవాడు. ఆ ఒక్క మాట గొంతు దాటడానికి ఆయన పడ్డ బాధ, పాడైన ఇంజన్లు కూడా పడి ఉండవు.

ఈ ఏడు మాత్రం ఆ పళ్లెం తానే మోయాలని ప్రతిజ్ఞ పూనాడు. మే నెలాఖరు దాకా ఎవరూ మొక్క నాటని ఆ చలిదేశంలో, నెల మొదట్లోనే నాటేశాడు. ఒక్కో మొక్క మీద అడుగు కోసిన పాలడబ్బా శిరస్త్రాణంలా బోర్లించాడు. మంచు పడేలా ఉందంటే పడకమీది దుప్పట్లు లాక్కెళ్లి మొక్కలకు కప్పాడు.

"ఏమయ్యా, నేను మాత్రం వణకాలా?" అంది ఆయన భార్య ఆర్లీన్.

"నువ్వు కాయవుగా," అన్నాడు వీరుడు.

కాయలు కాశాయి. పిడికిలంత అయ్యాయి, పిడికిలిని మించాయి. కానీ పచ్చగానే ఉన్నాయి. పొద్దున పచ్చ, మధ్యాహ్నం పచ్చ, సాయంత్రం ఇంకొంచెం పచ్చ. కోటను ముట్టడించిన సేనాని గుమ్మం తెరుచుకునేదాకా గుడారంలో కూర్చున్నట్టు, ఆయన మడత కుర్చీ తెచ్చి మొక్కల ముందు వేసుకుని, కన్నార్పకుండా, కాఫీ చల్లారినా తెలియకుండా, ఉడుతల మీదికి చెప్పు విసురుతూ, విసిరిన చెప్పు తెచ్చుకుంటూ కూర్చున్నాడు.

కంచె అవతల నుంచి వెర్నా తల ఉదయించేది.

"ఏం డెల్మర్, పిల్లలకు కథలు చెబుతున్నావా?"

"నీవి ఎలా ఉన్నాయి వెర్నా?"

"ఒకటి బుగ్గ మీద కాస్త గులాబీరంగు పూసుకుంది. చెప్పకూడదనుకున్నాలే, నీకు నిద్ర పట్టదని."

అంతే! వీరుడి నరాల్లో పెట్రోలు మండింది. అప్పుడు ఆయన తోటమాలులు గుసగుసగా చెప్పుకునే బ్రహ్మాస్త్రం తీశాడు: నీళ్లు పోయడం ఆపేయడం. దాహానికి మొక్క భయపడి, బతుకు అయిపోతోందనుకుని, కాయల్ని గబగబా పండిస్తుందట. ఆపేశాడు. ఆకులు వేలాడాయి. జాలేసి ఒక రోజు చెరువులా నీళ్లు పెట్టాడు. మళ్లీ ఆపేశాడు. మళ్లీ జాలేసింది.

అలా జాలికీ పంతానికీ మధ్య మొక్కలు నలిగిపోతుండగా, ఒక మధ్యాహ్నం, ఆకుల సందున, ఉదయభానుబింబంలా, అగ్నిమాపక శకటంలా, ఒక కాయ ఎర్రగా మెరిసింది.

"ఆర్లీన్! వెర్నా! రండి! అందరూ రండి!"

ఆ కేకకు అవతలి వీధిలో కుక్క లేచి కూర్చుంది. ఆర్లీన్ తడిచేతులతో వచ్చింది. తీర్పరి ఆమే, సొంత మొగుణ్ణి కూడా వెనకేసుకురాదని ఆమెకు వీధంతా పేరు. వెర్నా కంచె సందులోంచి దూరి వచ్చింది. ఆమె ముఖం మొదటిసారి కాస్త పాలిపోయింది.

డెల్మర్ టోపీ తీశాడు. "ఓ ప్లమ్ వీధి వాసులారా!" అన్నాడు, ఉన్నది ఇద్దరే అయినా. "ఇన్నేళ్లు ఎవరి పళ్లెంలో తిన్నానో, ఇవాళ వాళ్ల ముందు పళ్లెం నేను పడతాను! ఈ రక్తవర్ణ ఫలం సాక్షిగా..."

"కోసెయ్యవయ్యా, స్టవ్ మీద కూర ఉంది," అంది ఆర్లీన్.

కోశాడు. పైకెత్తాడు. ఇద్దరికీ అడుగు కనిపించింది.

నల్లగా ఉంది. పాత బూటు అడుగులా నల్లగా, గట్టిగా, లోపలికి నొక్కుకుపోయి ఉంది.

ఎక్కడో గడ్డి కోసే యంత్రం ఆగిపోయింది.

"అడుగు కుళ్లు," అంది వెర్నా మెల్లగా. "నీళ్లు ఓ రోజు పోసి ఓ రోజు మానితే ఇదే వస్తుంది. అది పండి ఎర్రబడలేదు డెల్మర్, జబ్బుచేసి ఎర్రబడింది."

వీరుడి చెయ్యి కిందికి వాలింది. మోకాళ్ల మీది మట్టి కూడా వెలవెలబోయింది.

"అయితే ఏంటి?" అంది ఆర్లీన్. "మొక్క మీదే ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడిందో ఎవరడిగారు? నువ్వు కూడా వెర్నా, ఎండలో నిలబడి ఎర్రబడితే ఎందుకని అడుగుతామా? ముక్క బ్రెడ్డును కప్పుతుందో లేదో చూద్దాం. కత్తి తీసుకురా డెల్మర్."

కత్తి వచ్చింది. నల్లభాగం తెగి ఎరువుకుప్పలో కూలింది. మిగిలినదాంట్లో రెండు ముక్కలు తేలాయి. మొదటి ముక్క బ్రెడ్డు మీద పరిచారు. నాలుగు మూలల్లో మూడింటిని కప్పింది. ఆర్లీన్ బొటనవేలితో మెల్లగా అదిమింది. నాలుగో మూల కూడా తడిసింది.

"కప్పింది," అంది తీర్పరి.

వీరుడు పళ్లెం పట్టాడు. ఉప్పు చల్లాడు, మిరియాలు చల్లాడు. రెండు చేతులా ఎత్తి, పట్టపుటేనుగు నడకతో, కంచె సందులో ఇరుక్కుని, విడిపించుకుని, వెర్నా వరండా మెట్లెక్కాడు.

వెర్నా కొరికింది. రసం మణికట్టు దాటి మోచేతికి కారింది. ఆమె దవడలు కదిలాయి, ఆగాయి, కదిలాయి. ఆ పెదవుల వెనక ఎంత యుద్ధం జరిగిందో ఆమెకే తెలియాలి.

"బాగుంది," అంది.

డెల్మర్ ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు వెర్నా చెయ్యి తుడుచుకుంటూ, నేలచూపులు చూస్తూ, ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారి కూడా నోరు విడిచి అడగని మాట అడిగింది:

"ఇంకో ముక్క ఉందా?"

ఉంది. ఒకే ఒక్కటి, ఆయన తన కోసం దాచుకున్నది. వీరుడు పెరటి వైపు చూశాడు, పచ్చగా వేలాడుతున్న మిగతా సైన్యాన్ని చూశాడు, వెర్నా ఖాళీ పళ్లెం చూశాడు. వెళ్లి తెచ్చి పెట్టాడు.

ఆమె అదీ తినేసింది.

జయజయధ్వానాలు పలకండి! ఆ సాయంత్రం డెల్మర్ స్టుట్స్ మహావీరుడు, తాను పండించిన తొలి టొమాటో రుచి ఎలా ఉంటుందో తెలియని ఏకైక విజేతగా, కత్తికి అంటిన రసం నాకుతూ ఇంటికి నడిచాడు. వానపాములు మరికాస్త పక్కకు జరిగాయి.