మనిషికి కిలో

ఆదివారం ఉదయం ఏడు గంటలకు భార్య ఆయన చేతిలో రెండు గుడ్డసంచులు పెట్టి, గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

"అయిదు కిలోల టమాటాలు. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలి. ఇవాళ ఒక్కరోజుకి దారిలో ఎవరికీ సాయం చెయ్యకండి, మీకు పుణ్యముంటుంది."

ఆమె అలా అనడంలో అన్యాయమేమీ లేదు. పోయిన నెలలో పాల ప్యాకెట్టు కోసం వెళ్ళి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ మంచం మూడో అంతస్తుకు మోసి, మధ్యాహ్నానికి నడుం పట్టుకుని ఇల్లు చేరిన మనిషాయన. పాలు మాత్రం తేలేదు.

ఇవాళ్టి సంగతి వేరు. ఊరి చివర బడిపిల్లల హాస్టలు ఉంది. నూట అరవై మంది పిల్లలు. వాళ్ళ వంట ఎవరికి అప్పగించాలో తేల్చడానికి హాస్టలు వార్డెనమ్మ పన్నెండు గంటలకు స్వయంగా ఇంటికొచ్చి భోంచేస్తానంది. ఇద్దరు వంటవాళ్ళ చేతి రుచి అప్పటికే చూసిందట. మూడోదీ ఆఖరుదీ ఈ ఇల్లు. రెండేళ్ళుగా దరఖాస్తు మీద దరఖాస్తు పెడుతున్న భార్యకు ఇదే మొదటి పిలుపు, బహుశా చివరిది కూడా. ఆమె నమ్ముకున్నది టమాటా సూపుని. ఎవరింట్లో విందు జరిగినా ముందు ఖాళీ అయ్యేది ఆమె కాచిన సూపు గిన్నే. అయితే దానికి చెట్టున పండి, ఆ పొద్దున కోసిన టమాటాలు కావాలి. అవి దొరికేది ఆదివారం రైతుల సంతలో మాత్రమే.

ఆయన జనన ధ్రువపత్రాల ఆఫీసులో మూడో కౌంటరు గుమాస్తా. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే అద్దం. ఆ అద్దం ఏనాడో మసకబారిపోయింది. అవతలివాళ్ళ మొహాలు కనిపించవు. అడుగున ఉన్న కంతలోంచి కాగితాలు పట్టుకున్న చేతులు మాత్రం వస్తూ పోతూ ఉంటాయి. దాంతో తల ఎత్తే అలవాటే ఆయనకు తప్పిపోయింది. ఎదురింటాయన్ని పలకరించకుండా వెళ్ళిపోతాడు గానీ, ఆయన బొటనవేలు చూపిస్తే ఇంటి నంబరుతో సహా చెబుతాడు. ఆఫీసులో దీన్ని జబ్బనేవాళ్ళూ ఉన్నారు, ఏకాగ్రత అనేవాళ్ళూ ఉన్నారు.

సంతలో ఆ రోజు టమాటాలు వచ్చింది ఒక్క బల్ల మీదికే. మూడో వరస చివర అవి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పక్కనే లేత దోసకాయల గంప. ఆయన వంగి ఒక్కొక్క టమాటానే ఏరి అయిదు కిలోలు తూయించుకుని, డబ్బులిచ్చి, సంచి బల్ల కింద పెట్టాడు. రెండో సంచిలో దోసకాయలు వేసుకుందామని వంగాడో లేదో, మైకు మోగింది. గేటు దగ్గర నీలం రంగు వ్యాను అడ్డంగా ఉందనీ, వెంటనే తియ్యకపోతే ఈడ్చి పారేస్తామనీ ఎవరో అరుస్తున్నారు.

"అయ్యో, అది నాదే బాబూ! రెండు నిమిషాలు చూస్తూండండి, ఇట్టే వచ్చేస్తా," అన్నాడు రైతు. తక్కెడ రాళ్ళు ఆయన చేతిలో పెట్టి పరుగు తీశాడు.

గుమాస్తా కళ్ళకు కనిపించిందల్లా ఆ రాళ్ళిచ్చిన చెయ్యి. చూపుడువేలు గోరు మధ్యకు చీలి, వేళ్ళ సందుల్లో టమాటా ఆకు పసరు నల్లగా పట్టేసి ఉంది. సాయం చెయ్యకూడదన్న మాట గుర్తొచ్చింది. కానీ రెండు నిమిషాలు కూర్చోవడం సాయమెలా అవుతుంది, అది కూర్చోవడమే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

స్టూలు మీద కూర్చున్నాడో లేదో బల్ల మీదికి నాలుగు చేతులు ఒకేసారి వచ్చాయి.

"అర కిలో!" "నాకు రెండు!" "ముందు నేనొచ్చాను!"

ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయన ప్రమేయం లేకుండానే నోరు తెరిచింది. "వరసలో రండి. వరసలో రాకపోతే ఎవరికీ ఇవ్వను."

ఆ గొంతులో ప్రభుత్వం ఉంది. నలుగురూ మారు మాట్లాడకుండా ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అటు పోతున్నవాళ్ళు ఆగారు. సంతలో మనుషులు వరసలో నిలబడడం వాళ్ళెన్నడూ చూసి ఎరగరు. "ఏమిస్తున్నారండీ ఇక్కడ?" అని ఒకాయన అడిగితే, "తెలీదండీ, ఇంతమంది నిలబడ్డారంటే ఏదో ఉండే ఉంటుంది," అని చివరి మనిషి జవాబిచ్చాడు. అడిగినాయన ఆలస్యం చెయ్యకుండా ఆయన వెనక చేరాడు. పది నిమిషాల్లో నలుగురు నలభై అయ్యారు. లైను బల్ల ముందు మొదలై, తేనె అమ్మే కొట్టు చుట్టూ తిరిగి, మలుపు దాటిపోయింది.

వరసలో ఒకావిడ మూడు కిలోలు అడిగింది. వెనక నుంచి "మాకు మిగలొద్దా?" అని గొణుగుడు బయల్దేరింది. గుమాస్తా తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు. "మనిషికి కిలో."

అంతే, ఆ మాట లైను పొడుగునా నిప్పులా పాకింది. మనిషికి కిలో అన్నారంటే కొరత వచ్చినట్టే, కొరత వచ్చిందంటే సరుకు గొప్పదైనట్టే! ఇంట్లో టమాటాలు ఉన్నవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

కాసేపటికి ఒక చెయ్యి బల్ల మీద ఆనింది. చూపుడువేలికి వెండి ఉంగరం, మధ్యవేలి మీద ఎర్ర సిరా మరక.

"పది కిలోలు కావాలి. నా దగ్గర నూట..."

"మీ దగ్గర ఎంతమందున్నా నాకనవసరం. మనిషికి కిలో. ఇంకో కిలో కావాలంటే మళ్ళీ వరసలో రండి."

"నేనెవరో మీకు..."

"ఎవరైనా సరే. వెనక్కి వెళ్ళండి. తర్వాత!"

ఉంగరం చెయ్యి కిలో తీసుకుని వెళ్ళింది. పావుగంటకు మళ్ళీ వచ్చింది. ఈసారి పక్కనుంచి దూరింది. ఆయన దాన్ని మళ్ళీ వెనక్కి పంపాడు. ఆ తర్వాత పక్కనుంచే ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"బాబూ, ఇది నా బల్ల..."

"ఇందాకటి నుంచి ఒకాయన నా పొరుగింటివాణ్ణన్నాడు, ఒకావిడ పిన్ని వరసన్నది. ఇప్పుడు మీరు ఏకంగా యజమాని. చాలా సంతోషం. వరసలో రండి."

జనం ఘొల్లున నవ్వారు. "భలే చెప్పారండీ!" అంటూ ఎవరో ఆ పెద్దాయన్ని భుజం పట్టి వెనక్కి నెట్టారు. నెడుతూ నెడుతూ మలుపు దాటించేశారు. గుమాస్తాకు ఆ మనిషి చేతులు చూసే వీలు లేకపోయింది, అవి జనం మధ్య ఇరుక్కుపోయాయి.

పక్క కొట్టు గడియారం ఎనిమిదీ ముప్పావు చూపించింది. రైతు రాలేదు. బల్ల వదిలేసి పోదామంటే ఒకరు నమ్మి అప్పగించిన సొత్తు, కూర్చుందామంటే ఇంట్లో పొయ్యి మీద ఖాళీ గిన్నె. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేతులు మాత్రం తూస్తూనే ఉన్నాయి.

అలా తూస్తూండగా బల్ల మీద టమాటాలు అయిపోయాయి. హమ్మయ్య, ఇక జనం పోతారనుకున్నాడు. ఇంతలో ముందు నిలబడ్డ లావుపాటి మనిషి వంగి బల్ల కిందకు చూశాడు.

"ఏవండోయ్, ఇక్కడ సంచి నిండా దాచాడు! మనకేమో మనిషికి కిలో, ఈయనకి అయిదు!"

"అవి నావండీ. కొనుక్కున్నాను."

"మీ బల్ల దగ్గర మీరే కొనుక్కున్నారా?"

దానికి జవాబు చెప్పాలంటే బల్ల తనది కాదని చెప్పాలి. అది ఈ జనానికి చెబితే ఏమవుతుందో ఊహించడానికే ఆయనకు ధైర్యం చాల్లేదు. సంచి బల్ల మీదికెక్కింది. రెండేళ్ళ దరఖాస్తులను కిలో చొప్పున అయిదుగురికి తూచి ఇచ్చేశాడు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అప్పుడే ఈల మోగింది. సంత పర్యవేక్షకుడు జనాన్ని చీల్చుకుంటూ వచ్చాడు.

"ఏమిటీ గోల? మీ రైతు కార్డేది?"

ఆ సంతకు ఒకటే నియమం. పండించినవాడే అమ్మాలి. దళారీ కనిపిస్తే ఆ చోటు రద్దు. ఆ మాట గేటు మీద రాసి ఉంది, మైకులో అరగంటకోసారి చెబుతారు కూడా.

"నేను రైతును కాదండీ. రెండు నిమిషాలు చూస్తూండమన్నాడు."

"ఎప్పుడు?"

"గంటన్నర క్రితం."

పర్యవేక్షకుడు పుస్తకం తీశాడు. "అయిదు నిమిషాలు టైమిస్తున్నా. ఆయన్ని చూపించండి. లేదా ఈ చోటు రద్దు, మీరు నాతో ఆఫీసుకు. అక్కడ స్టేట్‌మెంటు రాసేసరికి సాయంత్రమవుతుంది. సరే, మనిషెలా ఉంటాడు?"

గుమాస్తా పై ప్రాణాలు పైనే పోయాయి. పొడుగో పొట్టో, మీసముందో లేదో, ఒక్క ముక్క తెలియదు.

"మొహం తెలీదండీ," అన్నాడు నీరసంగా. "చెయ్యి చూపిస్తే చెబుతాను."

పర్యవేక్షకుడు ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. ఉద్యోగంలో ఇలాంటి మాట ఆయన వినలేదు. "అందరూ చేతులు చాపండి!" అని కేకేశాడు. టమాటాల కోసం గంట నిలబడ్డవాళ్ళు చేతులు చాపమంటే చాపరా? అరవై జతల చేతులు గాలిలోకి వచ్చాయి.

గుమాస్తా తల వంచుకుని నడవడం మొదలుపెట్టాడు. గాజుల చేతులు, గడియారం చేతులు, రంగు పూసిన గోళ్ళు, కొరికేసిన గోళ్ళు. వెండి ఉంగరం మళ్ళీ ఎదురైంది. దాన్ని దాటిపోయాడు. తేనె కొట్టు దాటాడు. మలుపు తిరిగాడు. వెనక పర్యవేక్షకుడు నిమిషాలు లెక్కపెడుతున్నాడు. మణికట్టు మీద పెనం అంచు తగిలి కాలిన మచ్చ ఉన్న ఒక చెయ్యి కనిపించింది. ఈ చేతిని ఎక్కడో చూశానే అనుకున్నాడు, తీరిక లేక ముందుకు పోయాడు. దాని పక్కనే చీలిన గోరు, నల్లటి పసరు!

"ఇదే! ఈయనే!" అని ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు.

రైతు చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. ఫొటో సరిపోయింది, పర్యవేక్షకుడు పుస్తకం మూసేశాడు. "నా టమాటాలు కొనుక్కోడానికి నేనే వరసలో నిలబడ్డాను బాబూ," అన్నాడు ఆయన దిగులుగా. "ఇదుగో, ఈ అమ్మ ఉండబట్టి ఆ మాత్రం ఓపిక పట్టాను."

"నేను చెప్పానుగా పెద్దాయనా," అంటోంది పక్కనున్న మణికట్టు మచ్చావిడ. "మీ చోట్లో చొరబడి కూర్చున్నవాడెవడో గానీ వాణ్ణి ఊరికే వదలకూడదు. వాడి మొహం ఒకసారి నేనూ చూడాలి..."

గుమాస్తా ఆ గొంతు విని జీవితంలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా, తల ఎత్తాడు.

"ఏమండీ!" అంది భార్య.

ఎనిమిదిన్నరకు రాని మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చి, లైను చూసి, ఆయన్ని నమ్ముకుంటే లాభం లేదు, నేనే కొనుక్కుపోతానని ఆమె నిలబడి అరగంటైంది. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఆమె ఇంటిదారి పట్టింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు. రైతు ఊరికే ఇచ్చిన రెండు కిలోల దోసకాయలు మోస్తుంటే రాళ్ళు మోస్తున్నట్టుంది. ఈవిడ రెండేళ్ళ ఆశ నా చేత్తోనే తూచి పంచేశాను కదా అని ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

పన్నెండింటికి వార్డెనమ్మ వచ్చింది. భార్య దోసకాయ కూర, పప్పు, అన్నం వడ్డించింది. నీళ్ళు తెమ్మంటే గుమాస్తా గ్లాసు పట్టుకుని వచ్చాడు. కంచం పక్కన చెయ్యి చూశాడు. వెండి ఉంగరం. ఎర్ర సిరా మరక.

గ్లాసు అక్కడే పెట్టి వంటింట్లోకి మాయమయ్యాడు. ఆ తర్వాత ఆయన తలుపు చాటున నిలబడి, మజ్జిగా ఉప్పూ చెయ్యి మాత్రం బయటికి చాపి అందిస్తూ వచ్చాడు.

వార్డెనమ్మ తినడం పూర్తిచేసింది. "వంట బాగుందమ్మా," అంది. "కానీ బాగా వండేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారు." భార్య మొహం వాడిపోయింది. "అదలా ఉంచు. ఇందాకటి నుంచి తలుపులోంచి చేతులే వస్తున్నాయి, మనిషేడీ?"

ఇక దాక్కుని లాభం లేదు. ఆయన నేరస్తుడిలా వచ్చి నిలబడ్డాడు. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది.

"మీరేనా! నన్ను రెండుసార్లు వెనక్కి పంపారు."

"క్షమించండమ్మా. తప్పు నాది, మా ఆవిడకి ఏ పాపమూ తెలీదు. కావాలంటే నన్ను..."

"పంపారు సరే, నేను వెళ్ళాను చూశారా! ఇరవై ఏళ్ళలో నేనెవరు చెప్పినా వెనక్కి వెళ్ళింది లేదు." ఆమె భార్య వైపు తిరిగింది. "మా భోజనాల గదిలో పూటపూటా కురుక్షేత్రం. నూట అరవై మంది తోసుకుని, సగం కూర నేలపాలవుతుంది. గరిటె పట్టేవాళ్ళు ముగ్గురు దొరికారు గానీ వీళ్ళని వరసలో నిలబెట్టే మనిషి ఇవాళ పొద్దుటిదాకా దొరకలేదు. వంట నీకే ఇస్తానమ్మా. ఆఫీసుకి ముందూ తర్వాతా రెండు పూటలా ఈయన్ని కూడా పంపాలి, అదొక్కటే షరతు."

మొదటి తారీఖు నుంచి హాస్టల్లో ఒక్క మెతుకు నేల మీద పడలేదు. తమ వంతు వచ్చేసరికి సూపు చల్లారిపోతోందని చివరి పిల్లలు ఫిర్యాదులు రాసుకున్నారు గానీ, ఫిర్యాదులు తీసుకునే పని కూడా ఆయనకే అప్పగించడం వల్ల ఆ ఫిర్యాదుల లైను కూడా ఇంకా కదులుతూనే ఉంది.