గడప తొక్కని మెకానిక్

మెకానిక్ మన గడప తొక్కకపోవడమే అసలైన అభివృద్ధి అని నేను ఢంకా బజాయించి చెబుతున్నాను. కాదనేవాళ్ళు ఒక్కసారి తిరుచానూరు వచ్చి మా లాడ్జిలో దిగండి. మేనేజరు హోదాలో నేనే దగ్గరుండి చూపిస్తాను.

పోయినేడాది దాకా మాది ఉత్త అనాగరికపు బతుకు. నలభై గదులకు ఒక పాత ఫోను బోర్డు, దాని ముందు నిర్మలమ్మ. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చెయ్యి పడందే ఏ గదికీ ఫోను కలిసేది కాదు. బోర్డు చెడిపోతే మెకానిక్ వచ్చేవాడు. అతనికి కాఫీ, టిఫిను, మధ్యాహ్నం భోజనం, ఆపైన దర్శనం టికెట్లు ఇప్పిస్తారా అని ఒక మొహమాటపు అడుగుడు!

ఇప్పుడో? కౌంటరు కింద లినక్స్ సర్వర్ అనే నల్ల పెట్టె ఉంది. ఫోన్లన్నీ అదే కలుపుతుంది. దాని బాగోగులు చూసే వంశీ అనే ఇంజనీరు బెంగళూరులో ఉంటాడు. ఇంటర్నెట్టులో పాస్‌వర్డ్ కొట్టి అక్కడి నుంచే పెట్టెలోకి దూరతాడు. కాఫీ అడగడు. అతని మొహం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఇంతకంటే మర్యాదస్తుడు ఎక్కడ దొరుకుతాడు?

ఒకరోజు అతను అక్కడ ఏదో మార్చాడు. ఇక్కడ పన్నెండో గదివాళ్ళు వేడినీళ్ళకు ఫోను చేస్తే ఇరవయ్యో గదిలో మోగింది. రెండు కుటుంబాలూ మాటల్లో పడి సంబంధం కలుపుకున్నాయి. నిర్మలమ్మ ఉన్న కాలంలో ఇలాంటి శుభకార్యం ఒక్కటైనా జరిగిందా?

ఆమెను ఇక రావద్దన్నది నేనే. చిన్నకూతురి నర్సింగ్ చదువు ఆ జీతం మీదే నడుస్తోందని తెలిసే అన్నాను. పాపం, పెట్టె బిగించడానికి వచ్చిన కుర్రాళ్ళకు ఏ లైను ఏదో చూపించి, వైర్లన్నీ దగ్గరుండి పెట్టించి మరీ వెళ్ళింది.

ఈసారి ఆయుధపూజ వచ్చింది. పనిముట్టన్నాక ఆ రోజు దానికి విశ్రాంతి ఇవ్వాలి కదా. పెట్టె ఆపేసి, వైర్లన్నీ పీకి, శుభ్రంగా తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి కర్పూరం వెలిగించాం. మర్నాడు ఖాళీ కనిపించిన చోటల్లా వైర్లు గుచ్చాం. ఒక్క ఫోనూ మోగలేదు. దసరా సెలవుల రద్దీలో గదుల కోసం ఫోను చేసేవాళ్ళకు మేం ఉన్నామో లేమో తెలియదు.

సెల్‌ఫోనులో వంశీని పట్టుకున్నాను. అతనిది పుత్తూరట.

"నెట్టు వైరే సరిగా లేకుంటే నేను లోపలికి యాడొచ్చేది సార్? ఏ వైరు యాడ ఉన్నిందో తెలిసినోళ్ళు ఎవురన్నా ఉండారా ఆడ?" అన్నాడు.

ఉన్నారు, వడమాలపేటలో. సిగ్గు చంపుకుని నిర్మలమ్మకు ఫోను చేశాను.

"నీలం వైరు ఎడమపక్క చివర్లో పెట్టండి సార్, అది నెట్టుది. తెల్లవి నాలుగూ గదుల లైన్లు, ఒక్కోదానికి పది గదులు. నేను చెప్పే వరసలో పెట్టండి" అంటూ ఒక్కొక్కటే చెప్పింది.

ఐదు నిమిషాల్లో లాడ్జి అంతా ఫోన్లు మోగాయి.

"నన్ను మళ్ళా రమ్మంటారా సార్? పాపకింకా ఒక సంవత్సరం చదువుండాది" అని అడిగింది. ఓనరును అడిగి చెబుతానన్నాను.

నేను అడిగేలోపే, ఫోన్లు బాగయ్యాయని విని ఓనరే ఫోను చేశారు. "సూసినావా అప్పా, ఆడికి మనిషే పోకుండా వంశీ ఎట్ల బాగుచేసినాడో!"

నిర్మలమ్మ పేరు చెప్పడానికి నాకు నోరు లేక కాదు. మనుషులే అక్కర్లేదని మురిసిపోతున్న ఓనరు కంటికి ఇక్కడ మిగిలిన మనిషిని నేనొక్కడినే. "అవును సార్" అన్నాను.

అప్పటి నుంచి ఆమె రోజూ లాడ్జికి ఫోను చేస్తోంది. ఏమని చెప్పను? ఎదురుగా వచ్చి నిలబడితే తప్పించుకోలేను గానీ, ఇది ఫోనే కదా. ఆమె నంబరు వంశీకి ఇచ్చి, ఆ ఫోను ఇక నా దాకా రాకుండా చెయ్యమన్నాను.

బెంగళూరులో కుర్చీ దిగకుండా రెండు నిమిషాల్లో చేసేశాడు. ఆమె ఎవరని అడగను కూడా లేదు.