ఎర్రదారం కట్టిన ఇంజన్

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా వ్యాను ఇంజన్‌లోంచి పాత ఆయిల్ దింపేయాలి, ఎనిమిదింటికి కొత్తది పోయాలి, తొమ్మిదిన్నరకు ఎనభై తెల్ల దుప్పట్లు ఎక్కించుకుని, పది కొట్టేసరికి హోటల్ వెనక గుమ్మం ముందు బ్రేకు వేయాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఎంత వెతికినా అతనికి కనిపించలేదు. మరి పెళ్ళయి రెండు నెలలేగా, ఆ ఇంటిని ఇంకా పూర్తిగా ఎరగడు.

అత్తగారిది లాండ్రీ. కింద ఉతికే గది, ఇస్త్రీ గది, వెనక పెరట్లో వ్యాను, మేడమీద కాపురం. ఉన్న ఒక్క డ్రైవరూ కిందటివారం చెప్పాపెట్టకుండా మానేశాడు. అప్పట్నుంచీ వ్యాను తాళంచెవి అత్తగారి బొడ్లోకి చేరింది.

"హోటల్‌వాళ్ళు ఒక్కరోజు చూస్తామన్నారు," అని ఆవిడ ముందురోజే చెప్పేసింది. "వేళకి చేరిస్తే ఏడాది పొడుగునా పని మనది, తాళంచెవి మీది. తేడా వచ్చిందా, మరో డ్రైవర్ని పెట్టుకుంటాను. ఏమీ అనుకోకండి అల్లుడుగారూ, ముందే చెప్పడం నాకలవాటు."

అల్లుడు పైకి ఏమీ అనలేదు గానీ, లోపల చాలా అనుకున్నాడు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం వదిలేసి ఈ ఇంటి వ్యాపారంలోకి వచ్చాడు. రెండు నెలలుగా అందరూ మర్యాదగానే చూస్తున్నారు. అదే అతని బాధ. మర్యాద చుట్టానికి చేస్తారు, తాళంచెవి ఇంటిమనిషికిస్తారు. ఆ చెవి తన జేబులో పడితే తప్ప అతనికి ముద్ద దిగేలా లేదు.

ముందురోజే మట్టం కొలిచే గేజి కడ్డీ తీసి చూస్తే ఆయిల్ కాటుకలా ఉంది. డ్రైవరు ఎన్నాళ్ళుగా మార్చలేదో! నడిరోడ్డుమీద ఇంజన్ పట్టేస్తే పరువు గంగలో కలిసినట్టే. అప్పుడే కొట్టుకెళ్ళి కొత్త ఆయిల్ డబ్బా, ఫిల్టర్ తెచ్చిపెట్టుకున్నాడు. పొద్దున్నే అత్తగారినడిగి తాళంచెవి తీసుకుని, ఐదు నిమిషాలు ఇంజన్ ఆడించి, ఆయిల్ పల్చబడ్డాక చెవి మళ్ళీ ఆవిడకిచ్చేశాడు. వ్యాను కింద ఒక పెద్ద టబ్బు పెట్టి, పానాతో నట్టు విప్పాడు. నల్లటి ఆయిల్ ధారకట్టింది. పైన ఆయిల్ పోసే మూత కూడా తీసి, ఎవరైనా పొరపాటున బండి స్టార్ట్ చేస్తే కొంప మునుగుతుందని, పాత ఉద్యోగపు అలవాటుకొద్దీ మూత పక్కనే కనపడేలా ఒక ఎర్రదారం కట్టాడు.

లిఫ్టుల పనిలో ఎర్రగుడ్డ కట్టారంటే 'ముట్టుకోవద్దు' అని అర్థం. ఈ ఇంట్లో అలా కాదు. ఎర్రదారం ఉన్న బట్టకు మరక ఇంకా వదల్లేదని, పని మిగిలే ఉందని లెక్క. ముందుగా చూసినవాళ్ళు ఎవరినీ అడక్కుండా ఆ పని అందుకోవాలి. పని అయిందని తేల్చి నీలిదారం కట్టే హక్కు మాత్రం అత్తగారిదే. ముప్ఫై ఏళ్ళుగా ఆ లాండ్రీ ఈ పద్ధతి మీదే నడుస్తోంది.

"ఏవండీ, ఈ డబుల్ దుప్పట్లు ఒక్కదాన్నీ మడతపెట్టలేను, ఓసారి రండి," అని లోపల్నుంచి భార్య పిలిచింది. అల్లుడు వెళ్ళాడు.

ఇరవై దుప్పట్లు మడిచి తిరిగొచ్చేసరికి, వ్యాను పక్కన మామగారు ఖాళీ డబ్బా పట్టుకుని చిరునవ్వుతో నిలబడి ఉన్నారు. ఆయన మరకల మనిషి. ఏ మరకైనా చూడగానే అది ఎప్పటిదో, దేనిదో చెప్పేస్తారు. ఇంజన్ల గురించి ఆయనకు తెలిసిందల్లా అవి చప్పుడు చేస్తాయని.

"పోసేశాను బాబూ, నాలుగు లీటర్లూ! నీకు కాస్త పని తగ్గుతుందని."

అల్లుడు ఒక్క అంగలో వ్యాను దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. పైన పోసిన బంగారంలాంటి కొత్త ఆయిల్ తీరుబడిగా ఇంజన్ దాటి, కింద టబ్బులో పాతదానితో కలిసిపోయింది.

"ఏం, తప్పు చేశానా?"

"అబ్బే, చాలా మంచిపని చేశారు మామయ్యా," అన్నాడు అల్లుడు. పెద్దాయన చిరునవ్వు చెడగొట్టడానికి మనసొప్పలేదు. ఆయన లోపలికి వెళ్ళగానే నట్టు బిగించి, ఫిల్టర్ మార్చి, మూత పెట్టి, ఇంజన్ ఖాళీగా ఉంది కాబట్టి ఎర్రదారం అలాగే ఉంచి, సైకిలెక్కి కొట్టుకు పరుగెత్తాడు.

కొట్టువాడు అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. "నిన్ననేగా తీసుకెళ్ళారు? తాగుతోందా ఏమిటి బండి?"

"ఇవ్వవయ్యా బాబూ, పుణ్యముంటుంది!"

డబ్బాతో తిరిగొచ్చేసరికి తొమ్మిదింబావు. మూత పక్కన ఎర్రదారం లేదు. నీలిదారం ఉంది. మామయ్య మాట నమ్మి అత్తయ్య పని అయిందనుకున్నారు కాబోలని అల్లుడు జాలిపడ్డాడు. ఇంజన్ ఖాళీ అన్న రహస్యం ఈ ఇంట్లో తనొక్కడికే తెలుసు. గప్‌చుప్‌గా నాలుగు లీటర్లూ పోసేసి, మూత బిగించి, హమ్మయ్య అనుకున్నాడు. ఆయిల్ కిందికి దిగాక గేజి చూద్దామని ఆగేలోపే అత్తగారు దిగబడింది.

"ఇంకా ఏం చూస్తున్నారు? మూటలు బయటికొచ్చేశాయి. ఇదిగో చెవి, స్టార్ట్ చెయ్యండి!"

"ఒక్క పది నిమిషాలు ఆగితే..."

"హోటల్ ఆగుతుందా?"

మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అల్లుడు చెవి తిప్పాడు. బండి ఒకసారి మూలిగింది, రెండుసార్లు దగ్గింది. మరుక్షణం వెనకనుంచి పొగ లేచి పెరడంతా కమ్మేసింది. ఎదుటి మనిషి కనపడడం లేదు.

"దుప్పట్లు! దుప్పట్లు!" అని అత్తగారి కేక. భార్య మూటలను ఒక్కొక్కటే లోపలికి ఈడ్చి తలుపు మూసింది. ఇంజన్ తనంతట తనే ఆగిపోయింది.

పొగ విడిపోయాక అల్లుడు గేజి కడ్డీ లాగాడు. గీత దాకా ఉండాల్సిన ఆయిల్ కడ్డీ మొదలంటా పాకింది. "ఇందులో ఇంకెవరైనా ఆయిల్ పోశారా?"

"నేనే కదా పోసింది," అన్నారు మామగారు ధైర్యంగా.

"మీరు పోసింది టబ్బులో ఉంది మామయ్యా," అని అల్లుడు నిజం కక్కేశాడు.

భార్య నీళ్ళు నమిలింది. "నేను కూడా... నాన్న పోశానన్నా ఎర్రదారం అలాగే ఉందండీ. చాల్లేదేమో అనుకుని, స్టోర్‌రూమ్‌లో డ్రైవరు వదిలేసిన ఆరు లీటర్ల డబ్బా ఉంటే అందులో సగం పోశాను."

"చక్కగా ఉంది!" అంది అత్తగారు. "పద్ధతంటూ ఒకటి ఉండాలి ఇంట్లో. ఎవరికి తోచినట్టు వాళ్ళు పోసుకుంటూ పోతే..."

మామగారు అత్తగారి కొంగు మీది మరక వంకే తదేకంగా చూస్తున్నారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఊరికే పోతుందా? "ఇది వంటనూనె కాదే," అన్నారు మెల్లిగా. "అరగంట కూడా కాలేదు. ఇంజన్ ఆయిల్."

అత్తగారు గబగబా కొంగు వెనక్కి దాచుకుంది.

"అరడబ్బా మిగిలితే పారేస్తామా?" అంది అత్తగారు, గొంతు బాగా తగ్గించి. "దారం ఇంకా ఎర్రగానే ఉందని, అదీ పోసి నీలిది కట్టాను."

తిలాపాపం తలా పిడికెడు. నాలుగు లీటర్ల ఇంజన్‌లో పది లీటర్లు! దింపి, శుభ్రంచేసి, మళ్ళీ పోయాలంటే మధ్యాహ్నమవుతుంది. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. తాళంచెవి ఆశ అల్లుడు అప్పుడే వదిలేసుకున్నాడు. కానీ ఆ దుప్పట్ల కోసం మూడు రోజులుగా నడుం వాల్చని ఈ ముగ్గుర్నీ చూసి ఊరుకోలేకపోయాడు.

"తడిబట్టలు మోసే తోపుడుబళ్ళున్నాయిగా? హోటల్ మూడు వీధుల అవతలే. పదండి!" అన్నాడు. ఆ ఇంట్లో అతను గొంతెత్తడం అదే మొదటిసారి. ముగ్గురూ వెంటనే మూటలు బళ్ళమీదికి ఎత్తారు.

ఒక బండి అల్లుడూ భార్యా, మరొకటి అత్తామామలూ తోశారు. చక్రాలు కీచుమంటుంటే వీధి జనం ఆగి చూశారు. సరిగ్గా పదింటికి హోటల్ వెనక గుమ్మంలో నలుగురూ చెమటలు కక్కుతూ నిలబడ్డారు. మేనేజరు ఒక దుప్పటి విప్పి ముక్కుకు ఆనించుకున్నాడు. అల్లుడి ప్రాణాలు పైకే పోయాయి. పెరట్లో పొగ!

"వీటిని ఎలా తెచ్చారు?" అన్నాడు మేనేజరు.

అత్తగారు నోరు తెరవబోయింది. "తప్పు నాదండి," అని అల్లుడు ముందుకొచ్చాడు. "వ్యాను..."

"వ్యాను పేరెత్తకండి! ఇప్పటిదాకా ముగ్గురు లాండ్రీవాళ్ళు తెచ్చారు, ముగ్గురి దుప్పట్లకీ డీజిల్ కంపే. గదుల్లోవాళ్ళు నన్ను తిట్టని రోజు లేదు. ఇవి చూడండి, ఎండ వాసనొస్తున్నాయి. ఏడాది పని మీదే. ఒక్కటే షరతు. రోజూ ఇలాగే తోపుడుబండి మీదే రావాలి."

తిరుగుదారిలో అత్తగారు బండి ఆపించి, బొడ్లోంచి తాళంచెవి తీసి, అల్లుడి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఇక ఇది నీ దగ్గరే ఉండనీ నాయనా," అంది. రెండు నెలల్లో ఆవిడ అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. అల్లుడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడతను రోజూ పొద్దున్నే ఆ తాళంచెవి జేబులో వేసుకుని, తోపుడుబండి తోసుకుంటూ హోటల్‌కు వెళుతున్నాడు.