స్ఫూర్తి పొందినట్టు ధ్రువపత్రం

ఒక పెద్ద అడవిలో అడవికన్నా పెద్ద ఆఫీసు ఒకటి ఉండేదంటే నమ్మండి. అక్కడ రికార్డు గదిలో గుమాస్తా దేవాంగపిల్లి వకుళ. మనిషంతా కలిపి చారెడు, అందులో సగం కళ్లే. పొద్దున్నుంచి ఫైళ్ల దుమ్ము దులిపే ఆ బక్కప్రాణి, మధ్యాహ్నం తిన్నాక దొరికే అరగంట కోసమే బతికేది.

ఆ అరగంటా కంప్యూటర్ ముందు కూర్చుని వెబ్‌సైట్లు చూసేది. ఒకదాంట్లో ఎవరో పనీపాటా లేనివాడు ఊరూరా తిరిగి వాన చప్పుళ్లు రికార్డు చేసి పెట్టాడు. రేకుల మీద వాన, అరిటాకు మీద వాన, గొడుగు మీద వాన. ఇంకోదాంట్లో పాత తలుపుల ఫొటోలు తప్ప మరేమీ లేవు. వాటివల్ల దమ్మిడీ లాభం లేదు. చూస్తే హాయిగా ఉండేది, అంతే.

ఒకరోజు పక్క సీటు ఎలుగుబంటి భద్రయ్య ప్రమోషన్ రాలేదని మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. వకుళ జాలిపడి వానల సైటు చూపించింది. పది నిమిషాలు విని, కళ్లు తుడుచుకుని, రెండేళ్లుగా మాటల్లేని తమ్ముడికి ఫోన్ చేశాడు భద్రయ్య. ఇంకేం, ఆఫీసంతా పాకింది. ఇంట్లో గొడవైనవాళ్లూ, బతుకు విసుగెత్తినవాళ్లూ వకుళ ముందు క్యూ కట్టారు. ఆవిడ ఒక్కొక్కరి మొహం చూసి ఒక్కో సైటు చెప్పేది.

సంగతి సెక్రటరీ ముంగిస నాగభూషణం చెవిన పడింది. ఆయనకో జబ్బుంది. ఏదైనా దానంతటది సవ్యంగా జరిగిపోతుంటే చూడలేడు.

"ఇంత మంచి పని జీవో లేకుండా ఎలా జరుగుతోందమ్మా?" అని వకుళని నిలదీసి, ఏ సైట్లు చూడాలో జాబితా కట్టడానికి సాయంత్రానికల్లా కమిటీ వేసేశాడు.

కమిటీలో అడుగుపెట్టిన ప్రతివాళ్లూ జాబితాలో తమ సైటు ఒకటి దూర్చారు. నెమలి తన సన్మానాల ఫొటోల సైటు ఇచ్చింది. మొసలి తన ఆత్మకథ ఇచ్చింది, అదీ పన్నెండు భాగాలు. ప్రెసిడెంటు ఏనుగుగారి ప్రసంగాల సైట్లే నలభై. వానల సైటుని మాత్రం వర్షాకాలంలో పరిశీలిద్దామని పక్కన పడేశారు.

అక్కడితో ఆగితే అది ఆఫీసెందుకవుతుంది? విరామంలో అందరూ విధిగా జాబితా ప్రకారం సైట్లు చూడాలన్నారు. చూసి స్ఫూర్తి పొందినట్టు ధ్రువపత్రం నింపి, మూడు కాపీల మీద గెజిటెడ్ అధికారి సంతకం తేవాలి. స్ఫూర్తి రానివాళ్లు కారణం రాసివ్వాలి. ఆ కాగితాలన్నిటికీ నంబర్లు వెయ్యడంతోనే వకుళ అరగంట కాస్తా హరించుకుపోయింది. పాపం, ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

పదిరోజులు తిరిగేసరికి ఒక విడ్డూరం జరిగింది. పనిలో ఉన్నవాళ్లకి మినహాయింపు ఉందని ఎవరో కనిపెట్టారు. అంతే, విరామం గంట కొట్టగానే అందరూ ఫైళ్లలో తలలు దూర్చేవాళ్లు. ఉత్తినే ఎంతసేపని దూర్చుకుని ఉంటారు, సంతకాలు కూడా పెట్టేశారు. ఏడేళ్లుగా నలుగుతున్న కుందేళ్ల బొరియల పట్టాలు వారంలో తేలిపోయాయి. నెలాఖరుకి ఆఫీసులో ఒక్క పెండింగు ఫైలు లేదు.

ఏనుగుగారి గుమ్మం ముందు ఒక్క ప్రాణీ లేదు. దణ్ణం పెట్టేవాడు లేడు, మీరే దిక్కు బాబూ అనేవాడు లేడు. ఆయనకి గుండె జారిపోయింది.

"ఇలా అయితే ఇక మనమెందుకయ్యా?" అని నాగభూషణం మీద విరుచుకుపడ్డారు. నాగభూషణం వచ్చి వకుళ మీద పడ్డాడు. ఈ గోల మొదలెట్టింది నువ్వేగా, సాయంత్రంలోగా దారి చూపించకపోతే ఉద్యోగం ఊడుతుందన్నాడు.

పోయిన అరగంట తలుచుకునేసరికి వకుళకి ఎక్కళ్లేని తెగువ వచ్చింది.

"నిషేధించండి సార్," అంది మెల్లగా. "ఆఫీసులో ఎవ్వరూ ఏ సైటూ చూడకూడదని ఆర్డరెయ్యండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు."

మర్నాడు పదింటికి ఆర్డరు నోటీసు బోర్డు ఎక్కింది. పదకొండింటికల్లా ఆఫీసంతా ఫైళ్లు అవతల పడేసి తలుపుల సైటులో మునిగింది. వారంలో ఫైళ్లు కప్పుదాకా పేరుకున్నాయి. గుమ్మం ముందు దణ్ణాలు చూసి ఏనుగుగారు తేరుకున్నారు. నిషేధం అమలుకి ఒక నిఘా అధికారి కావాల్సొచ్చింది. చూడకూడని సైట్లేవో బాగా తెలిసింది వకుళకే కనక ఆవిణ్ణే వేశారు. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రందాకా సైట్లు చూడటమే ఆవిడ డ్యూటీ.

నీతి: ఏ సుఖమైనా పదికాలాలు నిలవాలంటే, దాన్ని పైవాళ్లు ప్రోత్సహించకుండా చూసుకోవాలి.