తొమ్మిదో ప్లాట్‌ఫారంలో పదిహేను సెకన్లు

తొమ్మిదో ప్లాట్‌ఫారం నుంచి రోజూ ఉదయం ఆరూ పదమూడుకు బెజవాడ బయలుదేరే అతివేగ రైలుకు రైలు లేదు. అంతకుమించి దానిలో చెప్పుకోదగ్గ లోపం లేదు. పట్టాలు ఒక ఫైల్లో, పెట్టెలు ఇంకో ఫైల్లో ఉన్నాయి. సిబ్బంది మాత్రం జపాన్‌లో పదకొండు నెలల శిక్షణ ముగించుకుని వచ్చేశారు. వచ్చినవాళ్లను ఊరికే కూర్చోబెడితే ఆడిట్ ఒప్పుకోదు కనుక డ్యూటీ వేశారు.

నాలుగేళ్లుగా పని సక్రమంగా సాగుతోంది. శుభ్రం చేసే ఆడవాళ్లు వరుసగా నిలబడి, వంగి నమస్కరించి, పదహారు పెట్టెలూ ఏడు నిమిషాల్లో తుడిచి దిగుతారు. డ్రైవరు జేబుగడియారం తీసి ఎదురుగా గాలిలో పెడతాడు. అది అక్కడే ఉంటుంది. గార్డు బొడ్డేపల్లి నీలవేణి తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఒక్కో తలుపుకూ వేలు చూపించి "మూసుంది" అని పైకి అంటుంది. జపాన్‌లో నేర్పిన పద్ధతి అది. చూసినదానికి వేలు చూపాలి, చూపినదాన్ని నోటితో చెప్పాలి, చెప్పిందే రిజిస్టర్లో రాయాలి. ప్రయాణికులు రెండు గంటల్లో బెజవాడలో దిగుతారు. ఎలా చేరారని ఎవరూ అడగలేదు. టైముకు వచ్చినవాణ్ణి ఏమడగాలో మనవైపు ఎవరికీ తెలియదు.

ఒక బుధవారం మోకాళ్ల నొప్పుల ముసలమ్మ ఒకావిడ లేని మెట్టు ఎక్కలేకపోయింది. నీలవేణి చెయ్యి అందించింది. రైలు పదిహేను సెకన్లు ఆలస్యంగా బయలుదేరింది. ఆమె గడియారానికి వేలు చూపి, పైకి చెప్పి, రాసింది.

మర్నాడు డివిజన్ అధికారి రామభద్రరాజు పిలిపించాడు.

"ఆ పదిహేను సెకన్లు కొట్టెయ్యమ్మా. ఒక్కసారీ ఆలస్యం కాని రైలని సోమవారం మంత్రిగారు శిలాఫలకం ఆవిష్కరిస్తున్నారు."

"ఆలస్యమైందండి. నానే వేలెట్టి సూపించాను."

"అసలు లేని రైలు ఆలస్యమెలా అవుతుంది?"

"లేని రైలు టైముకి ఎల్లిందని నాలుగేళ్లూ సంతకం ఎట్టింది మీరే కదండీ."

ఆయన నిబంధనల పుస్తకం తీశాడు. సాయంత్రంలోగా కొట్టెయ్యకపోతే ఉన్న రైలుకు బదిలీ. ఆ డివిజన్లో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

శుభ్రం చేసేవాళ్లకు పెద్దయిన అప్పలకొండ బతిమాలింది. "ఒక్క గీత గీసీయే తల్లీ. ఎవుడు సూసొచ్చాడు?"

"నాను సూసాను కదా పిన్నీ."

నీలవేణికి భయం లేదనుకుంటే పొరపాటు. ఆ తొమ్మిదో ప్లాట్‌ఫారమంటే ఆమెకు ప్రాణం. రిజిస్టరు ముందు పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది కూడా. గీత మాత్రం గీయలేదు. ఆఫీసువాళ్లు కొత్త రిజిస్టరు తెచ్చి నాలుగేళ్లూ మళ్లీ రాసుకున్నారు. శిలాఫలకం బాగా వచ్చింది.

సోమవారం నాడే ఆమె గార్డుగా ప్యాసింజరు రైలెక్కింది. ఆ రైలుకు పట్టాలున్నాయి, పద్దెనిమిది పెట్టెలున్నాయి, ఏడూ నలభై అనే టైము కూడా ఉంది. స్టేషను బయట సిగ్నల్ దగ్గర ఆగి మూడు గంటల పది నిమిషాలైంది. రైట్ టైమని రాసెయ్యమని కంట్రోల్ నుంచి ఫోనొచ్చింది. నీలవేణి ఫోను పెట్టేసి, చేతితొడుగులు వేసుకుని, మొదటి పెట్టె తలుపు దగ్గర నిలబడి నడుం వంచి నమస్కరించింది.

కంద బుట్ట పక్కన కూర్చున్న పెద్దాయన కంగారుగా లేచాడు.

"ఏటమ్మా, ఎవులు పోయారు?"

"మీ మూడు గంటల పది నిమిషాలు పోయాయండి. మేమే పోగొట్టాం. క్షమించండి."

"అంతేనా? నానింకేటో అనుకున్నాను." ఆయన ఊపిరి పీల్చుకుని, కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకున్నాడు. మిగతావాళ్లూ సర్దుకున్నారు.

నీలవేణి గడియారానికి వేలు చూపించి, "మూడు గంటల పదకొండు నిమిషాలు" అని వాళ్లు కళ్లు తెరిచేంత గట్టిగా చెప్పి, రాసుకుంది. తర్వాత రెండో పెట్టెకు నడిచింది. ఇంకా పదిహేడున్నాయి. రైలు ఎలాగూ కదలదు.